కందుకూరు ఇల్లు, ఉమ్మడి బావి: రాష్ట్రం దేశం నుంచి విడిపోవచ్చా?

కందుకూరులో మా పాతింటి కాగితాలన్నీ ఒక రేకుపెట్టెలో ఉంటాయి. బ్యాంకువాళ్లు లింకు డాక్యుమెంట్లు అడిగారని మొన్నామధ్య వాటిని బయటికి తీశాం. అన్నిటికన్నా పాతది 1938 నాటిది. రాజుగారి బొమ్మ ఉన్న స్టాంపు కాగితం, నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా. దాని కింద 1955లో మా తాత, ఆయన తమ్ముడు రాసుకున్న పంపకాల దస్తావేజు. అప్పటికి మద్రాసు పోయి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1964 నాటి తనఖా కాగితంలో ఆంధ్రప్రదేశ్ అని ఉంది, జిల్లా మాత్రం నెల్లూరే. 1981కి వచ్చేసరికి ప్రకాశం జిల్లా. ఇల్లు మా అన్న పేరుకు మారిన 2023 దస్తావేజులో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. ఇల్లేమో అంగుళం కదల్లేదు.

మా అన్న కొడుకు నెల్లూరులో రూము తీసుకొని గ్రూప్స్‌కి చదువుతున్నాడు. కాగితాలన్నీ మంచం మీద వరసగా పరిచి చూసి, "బాబాయ్, జిల్లా మారినాం, రాష్ట్రం మారినాం. అట్టాంటప్పుడు ఒక రాష్ట్రం ఇంక మేం ఉండం అని దేశంలోంచి పోవచ్చా? కలిసినోళ్లు విడిపోకూడదని యాడుంది?" అన్నాడు.

"కుదరదురా" అన్నాను. "అదే, ఎందుకని?" అన్నాడు. ఒక్క మాటలో తెగే సంగతి కాదు. వాడికి రెండు సాయంత్రాలు చెప్పిందే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను.

ఎవరు ఎవరితో కలిశారు?

చిక్కంతా "కలిసినోళ్లు" అన్న మాటలోనే ఉంది. మనకు విడిపోవడం అంటే ముందుగా తోచేది ఉమ్మడి కుటుంబం. మితాక్షర పద్ధతిలో ఉమ్మడిలో ఉన్న వాటాదారు ఎప్పుడైనా సరే "నేను వేరుపడుతున్నా" అని మిగతావాళ్లకు స్పష్టంగా తెలియజేస్తే చాలు, ఉమ్మడి చెదిరినట్టే. కొలతలు, పంపకాలు తర్వాతి పని. అన్నయ్య ఒప్పుకోవాలన్న నియమం లేదు. మావాడి బుర్రలో ఉన్న లెక్క ఇదే: దేశం ఉమ్మడి కుటుంబం, రాష్ట్రాలు అన్నదమ్ములు.

అన్నదమ్ములు కావాలంటే ముందు విడివిడి మనుషులై ఉండాలి కదా. నెల్లూరు జిల్లా భారతదేశంలో ఏ రోజున కలిసింది? అలాంటి తేదీ లేదు. మనది బ్రిటిష్ వాళ్ల నేరు పాలనలో ఉన్న మద్రాసు ప్రావిన్సు. 1947 ఆగస్టు 15న ప్రావిన్సులు వాటంతటవే కొత్త దేశంలో భాగమయ్యాయి. బెంగాల్, పంజాబుల్లో శాసనసభ్యులు ఓట్లేశారు, సిల్హెట్‌లో, వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో జనాభిప్రాయం అడిగారు. మద్రాసును అడగలేదు. వెంకటగిరి రాజావారు సంతకం పెట్టారేమో అని మావాడు అనుకున్నాడు. పెట్టలేదు, పెట్టే హోదా లేదు. వెంకటగిరి జమీందారీ, సంస్థానం కాదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ జమీందారీ కూడా పోయింది.

సంతకాలు పెట్టింది సంస్థానాధీశులు, ఐదొందలకు పైగా. ఈనాటి ఆంధ్రప్రదేశ్‌లో చూస్తే అలాంటిది బనగానపల్లె నవాబు సంస్థానం. "సంతకం పెట్టినవాడు వెనక్కి తీసుకోవచ్చు" అన్న వాదాన్ని చివరిదాకా లాగితే మన రాష్ట్రంలో ఆ హక్కు బనగానపల్లెకు దక్కుతుంది, మామిడిపళ్లతో సహా.

నవ్వులాటకు అన్నా, ఆ సంతకాల సంగతి కాస్త చూడాల్సిందే. ప్రవేశ ఒప్పంద పత్రంలో సంస్థానాలు అప్పగించింది మూడు విషయాలు: రక్షణ, విదేశాంగం, రవాణా-సమాచారాలు. మున్ముందు రాసుకునే రాజ్యాంగానికి ముందే కట్టుబడినట్టు కాదని కూడా అందులో రాసి ఉంది. అంటే అప్పటికి తలుపు ఓరగా తెరిచే ఉంది. తర్వాత రెండేళ్లలో విలీన ఒప్పందాలు వచ్చాయి, పాలకులు రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ ప్రకటనలిచ్చారు. హైదరాబాదు అసలు ప్రవేశ పత్రమే రాయలేదు. 1947 నవంబరులో యథాతథ ఒప్పందం, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, 1949 నవంబరులో రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ నిజాం ఫర్మానా. 1950 జనవరి 26 నాటికి ఎవరు ఏ దారిన వచ్చారన్నదానికి చట్టంలో విలువ లేకుండా పోయింది. జమ్మూ కాశ్మీర్ ఒక్కటే 370వ అధికరణం అండతో వేరే లెక్కలో నడిచింది. 2019లో ఆ అధికరణాన్ని రద్దు చేశారు. 2023 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థిస్తూ, విలీనం తర్వాత ఆ రాష్ట్రానికి ప్రత్యేక సార్వభౌమత్వమేదీ మిగల్లేదని చెప్పింది.

ఇక్కడ పుస్తకాల్లో పెద్దగా కనపడని ఒక ముచ్చట. మద్రాసు ప్రావిన్సుకు బయట ఉండిపోయే వీలు కాగితం మీద ఒకప్పుడు ఉండేది. 1942లో బ్రిటిష్ మంత్రి క్రిప్స్ తెచ్చిన ప్రతిపాదనలో, కొత్త రాజ్యాంగం నచ్చని ఏ ప్రావిన్సయినా బయటే ఉండొచ్చని ఉంది. 1946 క్యాబినెట్ మిషన్ ఆ దారి మూసేసి, ప్రావిన్సులను మూడు గ్రూపులుగా విడదీసింది. కావాలంటే గ్రూపు నుంచి బయటపడవచ్చు, పదేళ్లకోసారి రాజ్యాంగాన్ని తిరగదోడమని అడగవచ్చు, యూనియన్ నుంచి మాత్రం పోవడం లేదు. 1947 జూన్ 3న దేశ విభజన ప్రకటన రావడంతో ఆ ఏర్పాటు కూడా అటకెక్కింది. కళ్లముందు పంజాబు తగలబడుతుంటే రాజ్యాంగ సభలో కూర్చున్నవాళ్లు మరో తలుపు పెడతారా?

పెట్టలేదు. 1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందుంచుతూ అంబేడ్కర్ ఈ సంగతిని దాపరికం లేకుండా చెప్పారు. మన సమాఖ్య రాష్ట్రాలు కూడబలుక్కుని చేసుకున్న ఒప్పందం వల్ల పుట్టింది కాదు, కాబట్టి విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదు, "యూనియన్" అన్న మాట ఎంచుకున్నది అందుకే అని ఆయన వివరణ. ఈ ఒక్క ముక్క తేల్చుకోవడానికి అమెరికా అంతర్యుద్ధం చేయాల్సి వచ్చిందని, మనం ముందే రాసుకుంటే ఆ గొడవ ఉండదని కూడా అన్నారు. మొదటి అధికరణం "ఇండియా, అనగా భారత్, రాష్ట్రాల యూనియన్" అని మొదలవడం వెనక ఉన్న కథ అది.

మా వాడికి నేను చెప్పిన పోలిక ఇది. రాష్ట్రం ఈ ఇంట్లో అన్నదమ్ముడు కాదు, గది. గదికి అడ్డగోడ కట్టొచ్చు, రెండు గదుల్ని ఒకటి చేయొచ్చు, పేరు మార్చొచ్చు. గది లేచి వీధిలోకి నడిచిపోదు.

గోడ కట్టేవాడు ఎవరు?

3వ అధికరణం చదివితే ఈ పోలిక ఎంత కచ్చితమో తెలుస్తుంది. కొత్త రాష్ట్రాన్ని చేయడం, ఉన్నదాన్ని చీల్చడం, కలపడం, హద్దులు జరపడం, పేరు మార్చడం, ఇవన్నీ పార్లమెంటు చేతిలో ఉన్నాయి. మామూలు మెజారిటీ చాలు. 4వ అధికరణం ప్రకారం అది రాజ్యాంగ సవరణ కింద కూడా రాదు. రాష్ట్రపతి ఆ బిల్లును సంబంధిత శాసనసభకు పంపి అభిప్రాయం అడగాలి, అంతే. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదని బొంబాయి రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది.

మనవాళ్లకు దీనికి కోర్టు తీర్పులతో పనేముంది. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. జూన్ 2న రెండు రాష్ట్రాలు. "తెలంగాణ విడిపోయింది" అని వాడుకలో అంటాం గానీ, చట్టం లెక్కన తెలంగాణ విడిపోలేదు, పార్లమెంటు విడదీసింది. 1953లో మద్రాసు నుంచి మనల్ని విడదీసిందీ పార్లమెంటే. పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది మద్రాసులో, చట్టం తయారైంది ఢిల్లీలో. 1972-73లో జై ఆంధ్ర అని నెల్లూరు, ఒంగోలు వీధుల్లో ఎంత అరిచినా రాష్ట్రం రాలేదు, ఎందుకంటే ఢిల్లీ తలూపలేదు. దాని బదులు, ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు అవకాశాలు చూసే ఆరు సూత్రాల పథకం, 371డి అధికరణం వచ్చాయి.

జిల్లాల సంగతి ఇంకా తేలిక. కందుకూరును 1970లో నెల్లూరు నుంచి తీసి ఒంగోలు జిల్లాలో వేసింది రాష్ట్ర ప్రభుత్వం. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టింది. 2022 ఏప్రిల్ 4న తిరిగి నెల్లూరులో కలిపింది. ముందు అభ్యంతరాలుంటే చెప్పమంది, తర్వాత నోటిఫికేషన్ ఇచ్చింది.

మరి దేశం నుంచి నేల పోవడం అసలు కుదరదా అంటే, కుదురుతుంది. ఇది విని మావాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. బెరుబారి అనే చిన్న ప్రాంతాన్ని పాకిస్తాన్‌కు ఇవ్వాలనుకున్నప్పుడు సుప్రీంకోర్టు 1960లో చెప్పిందేమిటంటే, భారత భూభాగాన్ని వేరే దేశానికి ఇవ్వడానికి 3వ అధికరణం పనికిరాదు, రాజ్యాంగ సవరణ చేయాలి. 2015లో నూరో సవరణతో బంగ్లాదేశ్‌కు 111 ఎన్‌క్లేవులు, అంటే అవతలి దేశం మధ్యలో చిక్కుకున్న నేల ముక్కలు, ఇచ్చాం, 51 తీసుకున్నాం. అక్కడి జనానికి ఏ దేశ పౌరులుగా ఉంటారో ఎంచుకునే వీలిచ్చారు. అంటే నేల పోగలదు. పంపేది మాత్రం పార్లమెంటు, అదీ పెద్ద మెజారిటీతో. ఇదే దారిలో ఒక రాష్ట్రం మొత్తాన్ని పంపొచ్చా? అక్కడ మౌలిక స్వరూపం సిద్ధాంతం, అంటే రాజ్యాంగం మూల లక్షణాలను సవరణతో కూడా చెరపకూడదన్నది, అడ్డొస్తుందని నా అభిప్రాయం. ఆ సిద్ధాంతం పుట్టిన కేశవానంద భారతి కేసులో కొందరు న్యాయమూర్తులు దేశ ఐక్యతను, సమగ్రతను ఆ లక్షణాల జాబితాలో పేర్కొన్నారు.

అడగడం కూడా నేరమేనా అన్నది వాడి తర్వాతి ప్రశ్న. 1950ల్లో నేరం కాదు. దక్షిణాదికి ద్రవిడనాడు అనే వేరు దేశం కావాలని డీఎంకే బాహాటంగా అడిగింది, అణ్ణాదురై 1962లో రాజ్యసభలో లేచి ఆ వాదన వినిపించారు. 1963లో పదహారో సవరణ వచ్చింది. శాసనసభకో పార్లమెంటుకో పోటీ చేసే ప్రతి మనిషీ నామినేషన్ సమయంలో దేశ సార్వభౌమత్వాన్ని, సమగ్రతను నిలబెడతానని ప్రమాణం చేయాలని అప్పుడే పెట్టారు. వేరు దేశం కోరేవాడు ఎన్నికల గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. డీఎంకే ఆ కోరిక వదిలేసి, 1967లో మద్రాసు గద్దె ఎక్కింది. అదే 1967లో వచ్చిన ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టం, విడిపోవాలన్న వాదాన్ని సమర్థించడాన్ని చట్టవిరుద్ధ కార్యకలాపం అంది. అయితే నోటిమాటకూ నేరానికీ మధ్య కోర్టులు గీత గీస్తూనే ఉన్నాయి. వేరు దేశం నినాదాలు ఒకటి రెండుసార్లు అరిచిన ఇద్దరి మీద పెట్టిన రాజద్రోహం కేసును 1995లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

పోయినవాళ్లు ఎలా పోయారు?

మిగతా ప్రపంచం దగ్గరికొస్తే, అమెరికా కేసు నాకు ఇష్టం. రాష్ట్రం యూనియన్ వదిలిపోవచ్చా అన్న మహా ప్రశ్న అక్కడ తేలింది అప్పు బాండ్ల తగాదాలో. అంతర్యుద్ధం రోజుల్లో టెక్సాస్ తిరుగుబాటు ప్రభుత్వం తన దగ్గరున్న బాండ్లు అమ్మేసుకుంది. యుద్ధం అయ్యాక కొత్త ప్రభుత్వం "మా బాండ్లు మాకిప్పించండి" అని కోర్టుకెళ్లింది. టెక్సాస్ యూనియన్ వదిలేసిందా లేదా అన్నది తేలితేగాని ఆ కేసు నిలవదు. 1869లో తీర్పు: వదల్లేదు, ఆ ప్రకటన కాగితం మీదే చెల్లదు. యూనియన్ ఎలా చెదరనిదో రాష్ట్రమూ అలా చెదరనిదే. పోవాలంటే విప్లవమో, మిగతా రాష్ట్రాల సమ్మతో కావాలి. మన రాజ్యాంగం ఇందులో సగమే తీసుకుంది. మనకు యూనియన్ చెదరదు గానీ రాష్ట్రం చెదురుతుంది. జమ్మూ కాశ్మీర్ 2019లో రెండు కేంద్రపాలిత ప్రాంతాలైంది.

కెనడా మెత్తటి దారి పట్టింది. క్యూబెక్‌లో 1995 అక్టోబరు 30న ఓట్లేస్తే వద్దన్నవాళ్లు 50.58 శాతం, కావాలన్నవాళ్లు 49.42. వెంట్రుకవాసిలో తప్పింది. తర్వాత 1998లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన అభిప్రాయాన్ని నేను ఈ విషయంలో అందరికన్నా బుద్ధిగల మాటగా లెక్కిస్తాను. ఏకపక్షంగా పోయే హక్కు లేదు. అయితే స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీతో జనం ఔనంటే, మిగతా దేశం కూర్చుని మాట్లాడాల్సిందే, చెవులు మూసుకోవడానికి వీల్లేదు. ఎంత వస్తే స్పష్టమైన మెజారిటీ అన్నది కోర్టు చెప్పలేదు. తెలివైన మౌనం.

బ్రిటన్ 2014లో స్కాట్లండ్‌కు ఓటు ఇచ్చింది. 55 శాతం మంది ఉంటామన్నారు. మళ్లీ ఓటు పెట్టుకుంటామంటే లండన్ ఒప్పుకోకుండా కుదరదని 2022 నవంబరులో సుప్రీంకోర్టు అంది. పశ్చిమ ఆస్ట్రేలియా కథ మరీ విచిత్రం. 1933లో మూడింట రెండొంతుల మంది ఆస్ట్రేలియాను వదిలేద్దామని ఓటేశారు. అదే రోజు జరిగిన ఎన్నికల్లో, వదిలేద్దామన్న ప్రభుత్వాన్నే ఓడించారు. అర్జీ లండన్ వెళ్లింది. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒప్పుకోకుండా ఆ అర్జీని చేత్తో కూడా ముట్టేది లేదని 1935లో పార్లమెంటు కమిటీ తేల్చేసింది. ఇక కరీబియన్‌లో సెయింట్ కిట్స్‌తో కలిసి ఒకే దేశంగా ఉన్న నెవిస్ అనే చిన్న దీవికి రాజ్యాంగమే దారి ఇచ్చింది, మూడింట రెండొంతుల ఓట్లు రావాలంది. 1998లో దాదాపు 62 శాతం వచ్చాయి. చాల్లేదు, ఉండిపోయారు.

రాజ్యాంగంలో హక్కు రాసేసిన దేశాలూ ఉన్నాయి. సోవియట్ రాజ్యాంగం 72వ అధికరణం ప్రతి రిపబ్లిక్కుకూ స్వేచ్ఛగా విడిపోయే హక్కు ఇచ్చింది. ఎలా విడిపోవాలో మాత్రం చెప్పలేదు. 1990 మార్చి 11న లిథువేనియా పోతున్నానంది. ఏప్రిల్‌లో మాస్కో హడావిడిగా ఒక చట్టం తెచ్చింది: మూడింట రెండొంతుల ఓట్లు రావాలి, ఐదేళ్ల దాకా గడువు. 1991 జనవరిలో విల్నియస్‌లోకి ట్యాంకులు వచ్చాయి. డిసెంబరుకల్లా సోవియట్ యూనియనే లేదు. ఇథియోపియా 1995 రాజ్యాంగం 39వ అధికరణంలో హక్కూ పద్ధతీ రెండూ ఉన్నాయి. ఎరిట్రియా విడిపోయింది మాత్రం అంతకు రెండేళ్ల ముందు, ముప్పై ఏళ్ల యుద్ధం చేసి.

సింగపూరును 1965 ఆగస్టు 9న మలేసియాయే బయటికి పంపింది. పార్లమెంటులో 126 ఓట్లు, వ్యతిరేకంగా సున్నా. స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఆ దేశ ప్రధాని లీ క్వాన్ యూ టీవీలో కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆయన దిగుల్లో తాగునీళ్లదీ ఒక భాగమే. సింగపూరుకు నీళ్లు జోహోర్ నది నుంచి రావాలి, ఆ నది మలేసియాలో ఉంది. 1962 నాటి నీటి ఒప్పందానికి వేర్పాటు ఒప్పందంలోనే హామీ రాసుకున్నారు. రోజుకు 25 కోట్ల గ్యాలన్లు, వెయ్యి గ్యాలన్లకు మూడు సెంట్లు, 2061 దాకా. ధర మీద పేచీలు నడుస్తూనే ఉన్నా గొట్టాలు మాత్రం ఆగలేదు.

ఇది చెబుతుంటే నాకు మా 1955 దస్తావేజు గుర్తొచ్చింది. అందులో ఇల్లు, దొడ్డి, చింతచెట్టు అన్నీ సగం సగం కొలిచారు. ఒక వాక్యం మాత్రం వేరుగా ఉంది: పెరట్లో బావి ఉమ్మడి, ఉభయులూ నీళ్లు తోడుకోవాలి, మరమ్మతు ఖర్చు చెరి సగం. కింద నలుగురు పెద్దమనుషుల సంతకాలు, ఒకాయనది వేలిముద్ర.

మన విభజనలన్నిటిలోనూ ఆ బావి వాక్యం ఉంది. 1953లో మద్రాసును వదిలి వచ్చాం, 1983కల్లా అదే మద్రాసుకు తాగునీళ్లు ఇస్తామని తెలుగుగంగ ఒప్పందం రాసుకున్నాం. సోమశిల నుంచి కండలేరుకు, కండలేరు నుంచి పూండికి పోయే కాలువ నెల్లూరువాళ్లకు కొత్త కాదు. 2014 చట్టంలో అప్పులు జనాభా లెక్కన 58.32, 41.68 శాతాలుగా పంచారు. తొమ్మిదో షెడ్యూలులో 91 సంస్థలు, పదో షెడ్యూలులో 142. హైదరాబాదు పదేళ్ల ఉమ్మడి రాజధాని, 2024 జూన్ 2తో ఆ గడువు ముగిసింది. సంస్థల లెక్కలు మాత్రం ఆ పదేళ్లలో తేలలేదు. మార్కాపురం, కనిగిరి వైపు వాళ్లు ఎదురుచూసే వెలిగొండకు నీళ్లు రావాల్సింది శ్రీశైలం జలాశయం నుంచి, దాని అవతలి గట్టు ఇప్పుడు వేరే రాష్ట్రం. ఇన్ని పేచీలున్నా బోర్డు ఉంది, ట్రిబ్యునల్ ఉంది, కాదంటే సుప్రీంకోర్టు ఉంది. ఇద్దరికీ పైన పెద్దమనిషి ఉన్నాడు.

దేశం నుంచి పోయేవాడికి ఆ పెద్దమనిషి ఉండడు. అందుకే పోయిన చోట్లన్నీ చూడండి. చెకోస్లోవేకియాలో ఇద్దరూ కూర్చుని ఆస్తులు రెండుకొకటి లెక్కన పంచుకున్నారు, మాంటెనీగ్రోలో యూరోపియన్ యూనియన్ వచ్చి 55 శాతం ఓట్లు రావాలని గీత గీసింది, దక్షిణ సూడాన్‌లో శాంతి ఒప్పందం ముందు వచ్చి ఓటు తర్వాత వచ్చింది. ఎవరో ఒకరు పక్కన కూర్చుని సంతకం పెట్టించారు. అలా కుదరని చోట కత్తులతో తేల్చుకున్నారు. అంతర్జాతీయ చట్టం ఈ పెద్దరికం చేస్తుందనుకుంటే అదీ అంతంతమాత్రమే. సెర్బియా నుంచి విడిపోతున్నామన్న కొసావో 2008 ప్రకటన అంతర్జాతీయ చట్టాన్ని ఉల్లంఘించలేదని 2010లో అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. విడిపోయే హక్కు ఉందో లేదో మాత్రం చెప్పకుండా తప్పుకుంది.

"అయితే పరీక్షలో ఏం రాయను బాబాయ్?" అన్నాడు మావాడు, అప్పటికే నోట్సు మూసేస్తూ. "లేదు అని రాయి. మొదటి అధికరణం, మూడో అధికరణం, అంబేడ్కర్ ప్రసంగం, బెరుబారి, పదహారో సవరణ. మార్కులు అక్కడున్నాయి" అన్నాను.

కాగితాలు మళ్లీ పెట్టెలో సర్దుతుంటే వాడే చూపించాడు. 2023 దస్తావేజు ఆస్తి వివరాల్లో "పెరటి ఉమ్మడి బావిలో సగం హక్కుతో సహా" అని రాసుంది. పాతదాంట్లో చూసి రైటరు దించేసినట్టున్నాడు. ఆ బావి పూడ్చి ముప్పై ఏళ్లయింది. దాని మీద ఇప్పుడు మా చిన్నతాత మనవడి మోటారుసైకిలు షెడ్డు ఉంది.